చుక్కలు పెట్టాలా, జాంగ్రీ చుట్టాలా? కాలనీల మీద పనిచేసే చిన్న ల్యాబ్‌కి ఏ బయోప్రింటింగ్ సరిపోతుంది

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, మా భీమవరం ల్యాబ్‌కి వచ్చే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పిల్లలు కుర్చీలో కూర్చోకముందే అడుగుతారు, "సార్, బయోప్రింటర్ ఏది కొనమంటారండి?" అని. ఫోన్ తీసి వీడియో చూపిస్తారు, సూది నుంచి బ్యాక్టీరియా కలిపిన జెల్ గీతలా జారుతూ ఉంటుంది, తెల్లారేసరికి ఆ గీత మీద కాలనీ పెరిగి ఉంటుంది, చూడటానికి నిజంగా బాగుంటుంది. కాకినాడ, రాజమండ్రి కాలేజీల లెక్చరర్లదీ ఇదే ప్రశ్న. వాళ్ల చేతిలో కాస్త గ్రాంటు ఉంటుంది, మార్చిలోపు ఖర్చు పెట్టాలన్న టెన్షన్ కూడా ఉంటుంది. అందరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట వివరంగా రాస్తే మేలనిపించింది.

మెషిన్ సంగతికి వెళ్లేముందు నేను అడిగేది ఒకటే. మీ ప్రశ్నలో దూరం ఉందా?

అంటే, "ఈ రెండు కాలనీలు 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే ఏమవుతుంది, 9 మిల్లీమీటర్లయితే ఏమవుతుంది" అన్న ప్రశ్న మీదైతే ప్రింటింగ్ మీకు పనికొస్తుంది. "ఈ నీళ్లలో ఎన్ని ఉన్నాయి", "ఈ మందుకి చస్తాయా లేదా" అన్న ప్రశ్నలయితే ప్రింటింగ్ అక్కర్లేదు, మామూలు ప్లేటు చాలు. ఏ కణం ఎక్కడ కూర్చోవాలో మన చేతిలో ఉండటమే బయోప్రింటింగ్ ఇచ్చే అసలు లాభం. ఆ ఒక్కదాని కోసం డబ్బు పెట్టొచ్చా లేదా అన్నది మీ ప్రశ్నే చెప్పాలి.

దూరానికి ఎందుకింత విలువ అంటే, అగార్ మీద, అంటే బ్యాక్టీరియా పెంచడానికి ప్లేటులో పోసే జెల్ మీద, పడిన ఒక్క కణం రెండై నాలుగై కాలనీ అయ్యాక, మధ్యలో చిక్కుకున్నవాటికి ఆహారం, ఆక్సిజన్ సరిగా అందవు. అప్పటినుంచి పెరుగుదల ఎక్కువగా అంచు దగ్గరే సాగుతుంది. అందుకే కాలనీ వ్యాసార్థం చాలాసేపు గంటకి ఇంత చొప్పున ఒకే వేగంతో పెరుగుతుంది, ద్రవంలో కణాల సంఖ్య పెరిగినట్టు రెట్టింపులు అవ్వదు. పక్కన ఇంకో కాలనీ ఉంటే ఆ వైపు ఆహారం ముందే ఖాళీ అయిపోయి అంచు నెమ్మదిస్తుంది, గుండ్రంగా ఉండాల్సిన కాలనీ ఒకవైపు చదునుగా తయారవుతుంది. స్ప్రెడర్‌తో పూసిన ప్లేటులో ఎవరి పక్కన ఎవరు పడ్డారో, ఎంత దూరంలో పడ్డారో మన చేతిలో ఉండదు. అలాంటి ప్లేటు చూపించి "పక్కవాడి ప్రభావం" గురించి పేపరు రాస్తే రివ్యూయర్ ఊరుకోడు. చుక్కల ముగ్గు వేసేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, చుక్కలు సమంగా పడకపోతే గీత ఎంత ఒడుపుగా తిప్పినా ముగ్గు కుదరదు.

లెక్కపెట్టడమే పనైతే ప్రింటర్ జోలికి పోవద్దు

మా చుట్టుపక్కల నీటి పరీక్షలు చేసే ల్యాబులవాళ్లకి ఇది ముఖ్యం. రొయ్యల రైతు పొద్దున్నే సీసాలో చెరువు నీళ్లు తెచ్చి, మర్నాడు ఫోన్ చేసి "గ్రీన్ ఎంత వచ్చిందండీ?" అంటాడు. విబ్రియోలు చెరువు నీళ్లలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా, వాటిని పెంచే టీసీబీఎస్ అగార్ మీద సుక్రోజ్‌ని (పంచదారని) పులియబెట్టే విబ్రియోలు పసుపు కాలనీలుగా, పులియబెట్టలేనివి ఆకుపచ్చగా వస్తాయి, ఆయన అడిగేది ఆ ఆకుపచ్చవి. విబ్రియో పారాహీమోలిటికస్ సాధారణంగా ఆకుపచ్చగానే వస్తుంది కానీ, రంగు చూసి ఈఎంఎస్ (రొయ్య పిల్లలు తొందరగా చచ్చిపోయే జబ్బు) అని తేల్చేయకూడదు, ఆ జబ్బు తెచ్చే టాక్సిన్ జీన్లు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ముక్క మీద ఉంటాయి కాబట్టి ఆ జీన్లని పట్టే పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. ఇందులో దూరానికి పనేం ఉంది? 1938లో మైల్స్, మిశ్రా చెప్పిన చుక్కల పద్ధతి, అంటే పలుచన చేసుకుంటూ ఒక్కో పలుచన నుంచి 20 మైక్రోలీటర్ల చుక్కలు ప్లేటు మీద వదిలి లెక్కపెట్టడం, ఈరోజుకీ దీనికి సరిపోతుంది. ప్రింటర్ డబ్బులతో మంచి పిపెట్లు కొని ఏటా క్యాలిబ్రేషన్ చేయించుకుంటే రైతుకి చెప్పే అంకె నమ్మకంగా ఉంటుంది.

పిన్నుల రెప్లికేటర్

దూరం ఉన్న ప్రశ్నయినా అన్నిటికీ ప్రింటర్ కావాలని లేదు. 96 పిన్నుల రెప్లికేటర్‌ని కల్చర్‌లో, అంటే కణాలు పెంచిన ద్రవంలో, ముంచి అగార్ మీద తాకిస్తే 9 మిల్లీమీటర్ల ఎడంతో చుక్కలు పడతాయి, 384 పిన్నులదైతే 4.5 మిల్లీమీటర్లు. జోషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు 1952లో మఖ్మల్ గుడ్డతో ఒక ప్లేటు మీది కాలనీలను ఇంకో ప్లేటు మీదికి అచ్చు తీశారు, ఆలోచన అలాంటిదే. స్టీలు పిన్నుల్ని ఆల్కహాల్‌లో ముంచి మంట మీద కాల్చి మళ్లీ వాడుకోవచ్చు. మంట పూర్తిగా ఆరాకే మళ్లీ ఆల్కహాల్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఇక్కడే ప్రమాదాలు జరుగుతాయి.

దీని లోటల్లా ఎడం మార్చుకోలేకపోవడం. 9 కావాలంటే 9, లేదంటే 4.5. రెండు రకాల జీవుల్ని 2 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాలంటే ప్లేటుని చేత్తో పక్కకి జరపాలి, అప్పుడు మళ్లీ మీ చేతి వణుకు మీద ఆధారపడ్డట్టే. అయినా సరే డిగ్రీ స్థాయి ప్రాజెక్టుకి, మొదటి ఏడాది పీహెచ్‌డీ వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. "పక్కన పొరుగువాడు ఉంటే తేడా వస్తుందా" అన్నది తేల్చడానికి ఇది చాలు. తేడా వస్తుందని తేలాక, ఎంత దూరంలో ఎంత తేడా అన్నదానికి పైమెట్టు ఎక్కండి.

ఇంక్‌జెట్: చుక్కలు చిన్నవి, తలనొప్పులు పెద్దవి

కాగితం మీద అచ్చేసే ఇంక్‌జెట్ ప్రింటర్‌తోనే కణాలు పెట్టొచ్చని చాలాకాలం కిందటే చూపించారు. క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్లు 2004లో ఈ.కోలైని అగార్ పూసిన పలకల మీద ఇంక్‌జెట్‌తో వదిలి చదరపు సెంటీమీటరుకి 100 కాలనీల దాకా పెంచారు. థర్మల్ రకంలో ఇంకుని చిన్న హీటర్ ఒక్క క్షణంలో కాల్చి బుడగ చేస్తుంది, ఆ బుడగ చుక్కని బయటికి తోస్తుంది. అంత వేడికి కణాలు బతుకుతాయా అని అందరూ అనుమానపడతారు, కానీ ఆ వేడి మైక్రోసెకన్లలో అయిపోతుంది, చుక్క మొత్తం మీద పెరిగే వేడి కొద్ది డిగ్రీలే కాబట్టి ఎక్కువ భాగం బతికే వస్తాయి.

ఇక్కడ ఒక లెక్క చేసుకోవాలి, చాలామంది చేయరు. చుక్క పరిమాణం 100 పికోలీటర్లు, అంటే మిల్లీలీటరులో కోటో వంతు, అనుకుందాం. మీ కల్చర్‌లో మిల్లీలీటరుకి 10 కోట్ల కణాలుంటే చుక్కకి సగటున 10 కణాలు పడతాయి. ఒక్కో చుక్కలో ఒక్కో కణమే కావాలని కల్చర్‌ని పదో వంతుకి పలుచన చేశారనుకోండి, సగటు ఒకటే వస్తుంది కానీ, ఆ సగటు కింద మూడో వంతుకి పైగా చుక్కలు ఖాళీగా పడతాయి, కొన్నిట్లో రెండు మూడు కణాలుంటాయి. ప్లేటు మీద కొన్నిచోట్ల కాలనీ రాకపోతే అది మెషిన్ తప్పో, కణం చచ్చిపోయిందో, అసలు పడనే లేదో తెలియాలి కదా. అందుకే ఒక్క కణం నుంచి మొదలవ్వాలనే పట్టింపు లేకపోతే చుక్కకి 10 నుంచి 50 కణాలు పడేలా పెట్టుకోండి, ఖాళీలు దాదాపు ఉండవు, కాలనీలు ఒకేసారి మొదలవుతాయి.

తలనొప్పుల సంగతికొస్తే, ఇప్పుడొచ్చే ప్రింటర్లలో కార్ట్రిడ్జ్‌కి చిప్ ఉంటుంది, మనం కడిగి కల్చర్ నింపితే ప్రింటర్ ఒప్పుకోదు. కాగితం లోపలికి లాక్కునే దారిలో పెట్రి ప్లేటు పట్టదు కాబట్టి విప్పి, రాడ్లు మార్చి, సెన్సార్లని ఏమార్చి తంటాలు పడాలి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన బీటెక్ కుర్రాడు ఒకడు మీ టీములో ఉంటేనే దీనికి దిగండి. కార్ట్రిడ్జ్‌లో కణాలు మెల్లగా అడుక్కి దిగుతాయి, మొదటి ప్లేటు మీద చుక్కకి 20 పడితే అరగంట తర్వాత ప్లేటు మీద అంకె వేరుగా ఉంటుంది, మధ్యమధ్యలో తీసి కలపాలి. కడిగిన ఆల్కహాల్ కాస్త మిగిలినా మొదటి వందల చుక్కలు చచ్చిన కణాలతోనే పడతాయి, కాబట్టి స్టెరైల్ నీళ్లతో రెండు మూడుసార్లు తోయించి తర్వాతే ప్లేటు పెట్టండి. ఉప్పు ఎక్కువున్న మీడియం నాజిల్ దగ్గర ఎండి గడ్డకడుతుంది. చెరువు బ్యాక్టీరియాకి ఉప్పు కావాలి, నాజిల్‌కి ఉప్పు పడదు, ఈ గొడవ తేలేది కాదు. మా జిల్లాల పనికి ఇంక్‌జెట్‌ని నేను పెద్దగా సిఫారసు చేయనిది అందుకే. కల్లు ఈస్ట్ మీదో, లాక్టోబాసిల్లస్ మీదో పనిచేసేవాళ్లయితే ఆలోచించొచ్చు.

సూదితో చుట్టే రకం: మన దగ్గర ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే

జాంగ్రీ వేసేవాళ్లని చూశారు కదా, గుడ్డలో పిండి మూట కట్టి, నొక్కే బలం, చెయ్యి తిరిగే వేగం రెండూ సరిపోయేలా చూసుకుంటారు. పిండి పలుచనైతే నూనెలో చెదిరిపోతుంది, గట్టిదైతే గుడ్డ చిరుగుతుంది. ఎక్స్‌ట్రూజన్ బయోప్రింటింగ్ అంతా ఇదే లెక్క. ప్లాస్టిక్ కరిగించే మామూలు 3డీ ప్రింటర్ తల తీసేసి, దాని చోట 5 మిల్లీలీటర్ల సిరంజిని మోటారు తోసేలా బిగిస్తే పని మొదలవుతుంది. చవక 3డీ ప్రింటర్లు 20,000 రూపాయల చుట్టుపక్కల దొరుకుతున్నాయి, సిరంజి పట్టుకునే భాగాలు ఆ ప్రింటర్‌తోనే అచ్చేసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్లు 2017లో చవక కిట్ ప్రింటర్‌ని ఇలాగే మార్చి, ఈ.కోలై కలిపిన ఆల్జినేట్‌ని (కాల్షియం తగిలితే జెల్‌గా గట్టిపడే పదార్థం) కాల్షియం ఉన్న అగార్ మీద మిల్లీమీటరు లోపు కచ్చితత్వంతో గీసి చూపించారు.

లక్షలు పోసే రెడీమేడ్ బయోప్రింటర్ ఎందుకు వద్దంటున్నానంటే, అందులో ఎక్కువ ఖర్చు జంతు కణాల కోసం పెట్టింది. వాటికి గోడ ఉండదు, సన్న సూదిలోంచి గట్టిగా నొక్కితే చితికిపోతాయి, వేడి ఎక్కువైతే తట్టుకోవు, కాబట్టి ఒత్తిడికీ వేడికీ ఖరీదైన కంట్రోలు కావాలి. బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లుంటుంది, గట్టి గోడ ఉంటుంది, సిరంజి ఒత్తిడి దానికి లెక్కలోది కాదు. కణజాలం మీద పని చేయబోతున్నారా, కొనుక్కోండి. కాలనీలకే అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం మీరు వాడని సదుపాయాలకి పోతుంది.

ఇంకు, అంటే కణాలు కలిపి సూదిలోంచి వదిలే జెల్, ఆ విషయంలోనే అసలు ఎంపిక ఉంటుంది, ఇక్కడ మేం పడ్డ పాటు చెప్పాలి. రెండేళ్ల కిందట రొయ్యల చెరువు నుంచి తీసిన విబ్రియోని ఆల్జినేట్‌లో కలిపి, టీసీబీఎస్ ప్లేటు మీద పక్కపక్కనే గీతలు గీయించాం, గీతల మధ్య ఎడం 3, 5, 8 మిల్లీమీటర్లు. పైన కాల్షియం క్లోరైడ్ నీళ్లు స్ప్రే చేస్తే గీతలు సేమియాలా గట్టిపడ్డాయి, అందరం సంతోషపడ్డాం. తెల్లారి ఇంక్యుబేటర్ తలుపు తీసిన అమ్మాయి ప్లేటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, "సార్, గీతలు లేవండి" అంది. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే ప్లేటంతా ఆకుపచ్చ గంజి ఒలికినట్టుంది, 3 ఏదో 8 ఏదో తెలియలేదు. కల్చర్ మారిపోయిందేమో అనుకున్నాం, స్ప్రే తక్కువైందేమో అనుకుని మళ్లీ చేశాం, మళ్లీ అదే. రెండో రోజు సాయంత్రం టీసీబీఎస్ డబ్బా మీద ఏమేం ఉన్నాయో చదువుతుంటే విషయం బుర్రకెక్కింది. ఆ పేరులోని సీ అంటే సిట్రేట్. ఆల్జినేట్ జెల్‌ని పట్టి ఉంచేది కాల్షియం, సిట్రేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, జెల్ మళ్లీ జారిపోతుంది.

అంతటితో ఆగలేదు. మీడియం మార్చి, సముద్రపు ఉప్పు ఉండే మెరైన్ అగార్ మీద చేశాం, ఈసారి గీతలు ఒక రోజు నిలిచి మెల్లగా మెత్తబడ్డాయి. సోడియం ఎక్కువున్నచోట అది కాల్షియం స్థానంలోకి చొరబడి జెల్‌ని ఉబ్బిస్తుంది. పైగా ఆల్జినేట్ అంటే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసేది, సముద్రపు విబ్రియోల్లో చాలావాటికి ఆల్జినేట్‌ని కోసి తినే ఎంజైములున్నాయి. అంటే మనం వేసిన ఇంకే వాటికి మేత. వాడబోయే జీవిని ముందే ఆల్జినేట్ కలిపిన ప్లేటు మీద పెంచి చూసుకుంటే ఈ సంగతి రెండు రోజుల్లో తెలిసిపోయేది, మాకు నెల పట్టింది. దీనికి తోడు విబ్రియో పారాహీమోలిటికస్, ఆల్జినోలిటికస్ లాంటివి గట్టి అగార్ మీద కూడా పాకుతాయి, రాత్రికి రాత్రి పలుచటి పొరలా ప్లేటంతా పరుచుకుంటాయి. అగార్ శాతం పెంచితే పాకడం కొంత తగ్గుతుంది. పాకే జీవితో దూరం లెక్కలు చేయాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

కాబట్టి ఇంకు ఎంపిక నా లెక్కలో ఇలా ఉంటుంది. ఉప్పు అక్కర్లేని మట్టి బ్యాక్టీరియా, బాసిల్లస్, సూడోమోనాస్ ఫ్లోరసెన్స్, ఈస్ట్ లాంటివైతే 3 శాతం సోడియం ఆల్జినేట్, అగార్‌లో 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్, అంటే రెండు నీటి అణువులున్న రకమైతే లీటరుకి 14.7 గ్రాములు. ఫాస్ఫేట్ ఎక్కువున్న మీడియంలో కాల్షియం కలిపితే పాలలా విరిగి తెల్లబడుతుంది, పైగా ఫాస్ఫేట్ కూడా సిట్రేట్ లాగే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అలాంటి మీడియం వదిలేయండి. కణాలు కడగడానికి కూడా ఫాస్ఫేట్ బఫర్ బదులు మామూలు సెలైన్ వాడండి. ఆల్జినేట్‌ని ఆటోక్లేవ్ చేస్తే పలుచబడుతుంది. నిన్న సరిపోయిన చిక్కదనం ఇవాళ సరిపోకపోతే అదే కారణం, ప్రతిసారీ ఒకే సమయం, ఒకే పరిమాణం పెట్టి చేయండి.

ఉప్పు కావాల్సిన చెరువు జీవులకైతే లో మెల్టింగ్ (తక్కువ వేడికే కరిగే) అగరోజ్ మంచిది, కాల్షియం గొడవ లేదు, చాలా విబ్రియోలు దాన్ని తినవు. కానీ అది గట్టిపడేది 26 నుంచి 30 డిగ్రీల మధ్య. మే నెలలో మా ల్యాబ్ గదిలో మధ్యాహ్నం 36 డిగ్రీలుంటుంది, గీసిన గీత గీసినట్టే ప్లేటు మీద పరుచుకుపోతుంది. ఏసీ గది ఉంటేనే, లేదంటే తెల్లవారుజామున చేసుకోవాలి. జెలటిన్ సంగతి కూడా అంతే, మన ఎండలకి నిలవదు. దీనికి తిరగబడ్డ గుణం ఉన్నది ప్లూరోనిక్ ఎఫ్127, చల్లగా ఉంటే నీళ్లలా ఉంటుంది, గది వేడికి గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సిరంజి బిగించి గీస్తే మన వేడి దానికి సాయమే చేస్తుంది. తడి తగిలితే మెల్లగా కరిగిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల ప్రయోగాలకి వాడండి, వారం నిలబడాలంటే కుదరదు.

సూది విషయంలో 22 గేజ్‌తో మొదలుపెట్టండి, లోపలి వ్యాసం 0.41 మిల్లీమీటర్లు. 25 గేజ్ 0.26 ఉంటుంది, గీత సన్నగా వస్తుంది కానీ ఆల్జినేట్‌లో చిన్న ఉండ ఉన్నా అడ్డుపడుతుంది. సిరంజి పిస్టన్ రబ్బరు స్ప్రింగులా సాగుతుంది, మోటారు ఆగినా ఇంకో రెండు సెకన్లు ఇంకు కారుతూనే ఉంటుంది, గీత చివర బొట్టు కట్టేది అందుకే. గీత అయిపోయే ముందే మోటారుని కొంచెం వెనక్కి తిప్పేలా ప్రోగ్రాం పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ప్లేటు మట్టం. ప్రతి 90 మిల్లీమీటర్ల ప్లేటులో కొలిచి 20 మిల్లీలీటర్ల అగార్ పోయండి, సుమారు 3 మిల్లీమీటర్ల మందం వస్తుంది, పోసే బల్లని తాపీమేస్త్రీ వాడే మట్టపు గొట్టంతో చూసుకోండి. ఒకవైపు వాలుగా ఉంటే సూది ఒకచోట అగార్‌ని దున్నుతుంది, ఇంకోచోట గాల్లో తేలుతుంది. ఆగస్టులో, సెప్టెంబరులో మన గాలి తేమకి అగార్ పైన నీటిపొర ఆరదు, క్యాబినెట్‌లో మూత ఓరగా పెట్టి ఎండాకాలం కంటే ఎక్కువసేపు ఉంచాలి. తడి అగార్ మీద ఎంత మంచి మెషినైనా గీత గీయలేదు.

లోతులో పెంచాలనుకుంటే

అగార్ పైన పెరిగే కాలనీ ఒక లెక్క, చుట్టూ అన్ని వైపులా జెల్ ఉన్నచోట పెరిగేది ఇంకో లెక్క. ప్రిన్స్‌టన్‌లో సుజిత్ దత్తా బృందం 2022లో చిన్న చిన్న జెల్ రేణువుల ముద్దలోకి సూదితో బ్యాక్టీరియాని ఎక్కించి చూస్తే, నాలుగు వేర్వేరు జాతులు కూడా పెరిగేకొద్దీ నున్నటి ఆకారం పోయి బ్రోకలీ పువ్వులా గరుకుగా తయారయ్యాయి. ఆహారం కోసం పోటీలో ముందుకి పొడుచుకొచ్చిన భాగానికే ఎక్కువ అందడం దీనికి కారణం. మన దగ్గర కూడా ఇది చేయొచ్చు, శానిటైజర్ జెల్‌కి వాడే కార్బోమర్ లాంటి పదార్థంతోనే ఆ ముద్ద తయారవుతుంది. కాకపోతే ఉప్పు తగిలితే కార్బోమర్ నీరుగారిపోతుంది, కాబట్టి చెరువు జీవులకి ఇదీ కష్టమే.

లేజర్‌తో జెలటిన్‌ని గట్టిపరిచి కణాల చుట్టూ గదులు కట్టే పద్ధతి గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2013లో స్టాఫిలోకాకస్‌ చుట్టూ సూడోమోనాస్‌ని గూడులా పెడితే లోపలివి యాంటీబయాటిక్‌ని మరింత తట్టుకున్నాయని చూపించారు. చాలా గొప్ప పని. కానీ అలాంటి మైక్రోస్కోపు ఉన్నచోటికి మీరే ప్లేటు పట్టుకెళ్లి కలిసి పనిచేయడం మేలు.

ప్రింటర్ కంటే ముందు కొనాల్సినవి

నా చేతిలో లక్ష రూపాయలుంటే మొదట ఇంక్యుబేటర్‌కి, స్కానర్‌కి ఇన్వర్టర్ పెట్టిస్తాను. రాత్రి రెండు గంటలు కరెంటు పోయి ఇంక్యుబేటర్ వేడి అటూ ఇటూ అయితే కాలనీ అంచు వేగం మారిపోతుంది, మీ దూరం లెక్క మొత్తం తప్పుతుంది, ప్లేటు చూస్తే మాత్రం ఏమీ తెలియదు. లోపల వేడిని రికార్డు చేసే చిన్న లాగర్ కూడా పెట్టండి. ఎర్రరంగు కోసం సెరాషియా వాడేవాళ్లు అయితే మరీ జాగ్రత్త, 28, 30 డిగ్రీల దగ్గర చక్కటి ఎరుపు వస్తుంది, 37కి వెళ్తే రంగు రాదు.

ఆ తర్వాత ఫ్లాట్‌బెడ్ స్కానర్. కాగితాలు స్కాన్ చేసేదే, ప్లేటుని తలకిందులుగా పెట్టి పైన నల్లగుడ్డ కప్పి, అరగంటకోసారి దానంతటదే స్కాన్ తీసేలా పెట్టండి. 1200 డీపీఐ దగ్గర ఒక్కో పిక్సెల్ 21 మైక్రాన్లు, కాలనీ అంచు కదలిక కొలవడానికి చాలు. ఆ ఫొటోల మీద కొలతలు తీసే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ప్రింటర్ లేకపోయినా స్కానర్ ఉంటే పేపరు వస్తుంది, స్కానర్ లేకుండా ప్రింటర్ మాత్రమే ఉంటే అందమైన ఫొటో ఒకటి మిగులుతుంది.

భద్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జబ్బు రొయ్య నుంచి తీసిన విబ్రియోని బల్లమీద పెట్టిన ప్రింటర్‌లో వాడకండి, పారాహీమోలిటికస్ మనుషులకీ కడుపు జబ్బు తెస్తుంది. ఇంక్‌జెట్ చుక్కలు గాల్లో తుంపర్లుగా తేలతాయి. క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్‌లో పట్టే మెషిన్ అయితేనే ఆ పని పెట్టుకోండి, కొనేముందు క్యాబినెట్ లోపలి కొలత టేపు పెట్టి తీసుకోండి. వాడిన సిరంజిలు, ప్లేట్లు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి వెళ్లాలి, సూదులు విడిగా సూదుల డబ్బాలో వేయాలి. మన కాలువల నీళ్లే తాగుతున్నాం, అదే నీళ్లు చెరువుల్లోకి వెళ్తున్నాయి.

ఎవరికి ఏది

పాముపొడ తెగులు మీద పనిచేసే వ్యవసాయ విద్యార్థులకి: బూజు జాతుల్ని సూదితో గీయించే ప్రయత్నం చేయకండి, ఆ తెగులు తెచ్చే రైజోక్టోనియా బూజు దారాలు సూదిలో చిక్కుకుంటాయి. 5 మిల్లీమీటర్ల కార్క్ బోరర్‌తో (గుండ్రంగా కోసే గొట్టం) తీసిన బూజు బిళ్లని మధ్యలో పెట్టి, దాని చుట్టూ సూడోమోనాస్ గీతల్ని వేర్వేరు దూరాల్లో ప్రింటర్‌తో గీయించండి. సగం చేత్తో, సగం మెషిన్‌తో, ఇదే సరైన పొత్తు.

రొయ్యల ప్రోబయోటిక్ పరీక్షించాలనుకునేవాళ్లు టీసీబీఎస్ మీద ప్రోబయోటిక్‌లోని బాసిల్లస్‌ని పెట్టకండి, అందులోని పైత్యరస లవణాలకి అది పెరగదు, పెరగకపోతే విబ్రియో గెలిచిందని పొరపాటు పడతారు. రెండూ పెరిగే మీడియం మీద పిన్నులతో మొదలుపెట్టి, 4.5, 9 మిల్లీమీటర్ల దగ్గర తేడా కనిపిస్తేనే అగరోజ్ ఇంకుతో సూది ప్రింటర్‌కి వెళ్లండి. డిగ్రీ కాలేజీల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బేకరీ ఈస్ట్, పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్, ఆల్జినేట్, ఇవి చాలు, పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు. గ్రాంటున్న యూనివర్సిటీ వాళ్లు కూడా మార్చి గడువు చూసి రెడీమేడ్ మెషిన్‌కి ఆర్డర్ పెట్టేముందు, సర్వీసు ఇంజనీరు ఎక్కడి నుంచి వస్తాడో, పాడైన తల మార్చడానికి ఎన్ని వారాలు పడుతుందో రాతపూర్వకంగా అడగండి.

ఏది కొన్నా మొదటి వారం కణాలు వాడకండి. కూరల్లో వేసే ఎర్రరంగు ఇంకులో కలిపి, 5 మిల్లీమీటర్ల ఎడంతో అయిదు వరసలు, వరసకి అయిదు చుక్కలు పెట్టించండి. పది ప్లేట్లు చేసి స్కాన్ చేసి చుక్కల మధ్య దూరాలు కొలవండి. అవి 4.8కి 5.2కి మధ్య తిరుగుతున్నాయంటే మీ మెషిన్‌తో అర మిల్లీమీటరు తేడాల గురించి మాట్లాడొచ్చు. 4కి 6కి మధ్య తిరుగుతున్నాయంటే సూది ఎత్తు, ప్లేటు మట్టం, ఇంకు చిక్కదనం, ఈ మూడింట్లో ఏదో సరిగా లేదు, అది దొరికేదాకా కల్చర్ ట్యూబు మూత తీయొద్దు.